శివారు తూము

ఆకివీడు దాటి, ఉప్పుటేరు వంతెనకి ఇవతల
మా నీళ్ల ల్యాబు ఒకే గది.
అరల్లో సీసాలు, సీసాలకి చెరువు నంబర్లు,
మూల బల్లమీద గొంతు పట్టేసిన ఫ్యానుతో పాత కంప్యూటరు.
దాన్లోకి ఏఐ మోడల్ని దింపింది సులోచన.
మూడు రాత్రులు పట్టింది,
రెండుసార్లు కరెంటు పోయి.

“డబ్బు కట్టక్కర్లేదా?” అన్నాను.
“ఎవరో తవ్వి వదిలిన కాలవ.
మన చేలోకి బోదె మాత్రం మనమే తీసుకోవాలి.”

ఎగువవాళ్లకి ఈ మాట పట్టదు.
మా నాన్నది శివారు ఎకరం.
వంతు రాని రాత్రుళ్లు తూము పక్కన
టార్చిలైటు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.
నెట్టు లేకపోయినా పలికే ఆ పెట్టెని చూసి
నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయనుకున్నాను.

వచ్చాయి గాని, వాటికి ఊరు తెలీదు.
“నీళ్లు విరిగాయి” అని టైపు చేస్తే
నిమ్మరసం తగ్గించమంది.
పడీపడీ నవ్వాం.
అప్పుడది తప్పనిపించలేదు, ముద్దొచ్చింది.

ఆ వారం రాత్రి డ్యూటీ నాది.
రెండు దాటాక సైదు పోతురాజు ఫోను.
చెరువుకి కాపలా అతను, చెరువు అతనిది కాదు.
రొయ్య గట్టువారకి వచ్చేస్తోందండి,
అయోడిన్ ఎన్ని డబ్బాలు కొట్టమంటారు?
కళ్లు మూతలు పడుతుంటే పెట్టెని అడిగాను.
పది, అంది. తడుముకోలేదు.
పది, అన్నాను నేనూ.

లైటార్పబోతూ లెక్క చూశాను.
ఆరడుగుల లోతుని ఆరు మీటర్లనుకుంది.
మూడు చాలు.
ఫోను మళ్లీ కలిసేసరికి
ఐదోది నీళ్లలో పడింది.

తెల్లారి చెక్ ట్రేలో లెక్కపెట్టినవి
ఇక్కడ రాయను.

సులోచన లైసెన్సు చదివి వినిపించింది:
ఏ హామీ లేదు, ఏ నష్టానికీ పూచీ లేదు.
పోతురాజు గుమ్మంలోనే నిలబడి విన్నాడు.
“మందుల షాపోడూ ఇవ్వడండి హామీ.
కాని ఆడి మొహం నాకు తెలుసు.
పది అన్న గొంతు మీదండి.”

మూసిన పెట్టె అయితే తిట్టుకుని ఊరుకునేవాళ్లం.
ఇది తెరిచి ఉంది, అదే చిక్కు.
బాగుచెయ్యకపోవడానికి సాకు దొరకదు.

ఆ వేసవంతా పాత రిజిస్టర్లు ముందేసుకున్నాం.
ప్రశ్న, దానికింద జవాబు. నాలుగొందల పన్నెండు.
రైతుల పేర్లు, అప్పు చీటీలు, ఏ గట్టుమీద ఏ తెగులో
నల్లసిరాతో కొట్టేశాకే ఎక్కించాం.
రేటు కట్టే కంపెనీ ఏజెంటు ఒకాయన
కాఫీ ఇప్పించి మరీ అడిగాడు ఆ పేర్లు.
తాగాం. చెప్పలేదు.
అడుగులా మీటర్లా అని ముందు అడగడం నేర్పాం.
అన్నిటికన్నా కష్టపడి నేర్పింది ఒక్క మాట:
తెలియదు.
ఎంత నేర్పినా జారిపోయేది.
మాటలు బాగా వచ్చినవాళ్లకి
ఆ మాట ఆఖర్న వస్తుంది కాబోలు.
నాకూ ఆ రాత్రి తర్వాతే వచ్చింది.

మళ్లీ కాలవలోకి వదిలేముందు
పైన ఒక పేజీ రాశాం.
ఇది మా ఆరూళ్ల నీళ్లకి సరిపోయింది,
మొగల్తూరు అవతలి ఉప్పులో చూడలేదు.
ఐదో డబ్బా సంగతి కూడా, తేదీతో.
సులోచన మొదట వద్దంది.
దిగువన ఎవరో దోసిలి పడతారు గదా, అన్నాను.

మొన్న పోతురాజే కీబోర్డు ముందు కూర్చున్నాడు,
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ.
తెలియదు, నీళ్లు తీసుకురండి, అంది పెట్టె.
“బుద్ధొచ్చిందండోయ్ దీనికి” అని
సంచిలోంచి సీసా తీసి బల్లమీద పెట్టాడు.
ముందే తెచ్చుకున్నాడు.
మూత అంచున నాచు ఇంకా తడిగా ఉంది.